రెండక్షరాలకు కంబమెక్కని మనిషి

మా ఊరి లైన్‌మన్ అన్న పోయినాడని పొద్దున పొయ్యి కాడ ఉండంగా ఫోనొచ్చింది. చేసింది ఆయప్ప పెద్ద కొడుకు, అనంతపురం ఆసుపత్రి నుంచి. "అత్తా, నాయన లేడు" అన్నాడు. "ఏమైందిరా? నిన్న గదా నడుచుకుంటా పోయి బస్సెక్కినాడు?" అంటే, "ఎమ్మై అని రాసినారత్తా" అన్నాడు.

మా పక్క ఎమ్మై అంటే చెరువుల డిపార్టుమెంటు. చిన్న చెరువుల కట్టలు, తూములు చూసుకునే ఆఫీసు. మా చెరువులో నీళ్ళు చూసి ఎన్నేండ్లయిందో గానీ, కట్ట మీద ఆ ఆఫీసోళ్ళు నాటిన రాయి మాత్రం ఉండాది. మనిషి ఎమ్మైతో చచ్చిపోవడమేంది? పిల్లోనికి మతి చెడిందనుకున్నా. "ఆ అక్షరాలు నాకొద్దురా, నిండా చెప్పు" అని అరిచినా. వాడు ఏడుస్తా ఫోను నర్సమ్మకిచ్చినాడు. "గుండెకు పోయే రక్తం అడ్డపడి ఆగిపోయిందమ్మా. చేయాల్సిందంతా చేసినాము" అని ఆ తల్లి నెమ్మదిగా చెప్పింది. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు.

ఇది చదివే మీకు ఆయప్ప ఎవరో తెలీదు. తెలిసేంత పెద్దోడేం కాదు. కరెంటు కంబాలెక్కి దిగే మనిషి. మా ఊరితో పాటు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆయప్ప ఒక్కడే. మాది కంబదూరు పక్క. ఎర్రనేల, గుండ్రాళ్ళు, శెనక్కాయ. వానొస్తే పంట, రాకపోతే బెంగళూరు.

నేను ఆ ఊర్లో బస్సు నిలిచే కాడ ఎస్టీడీ బూత్ పెట్టుకోని బతికినదాన్ని. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. ఆ కాలుకు సర్కారు పెట్టిన పేరు పీహెచ్. పీహెచ్ కోటాలోనే బూత్ ఇచ్చినారు. బోర్డు మీద ఫోన్ నెంబరు ముందర కూడా పీహెచ్ అనే రాసినాడు పెయింటరు. ఒకసారి మా తమ్ముడు చేని మన్ను పరీక్షకిచ్చి, ఆ కాగితం తెచ్చి నా ముందర పడేసినాడు. "అక్కా, మన నేలక్కూడా పీహెచ్ ఎక్కువంట. నీ మాదిరే" అన్నాడు. నవ్వుతానే అన్నాడు గానీ ఆ పొద్దు వాడు కూడు సరిగ్గా తినలేదు.

లైన్‌మన్ అన్న అప్పుడు బూత్‌లోనే ఉండాడు. కాగితం తీసుకోని అటూ ఇటూ తిప్పి చూసినాడు. "ఇదేందో నాకూ తెలీదప్పా. తెలీదని ఊరుకుంటే ఎట్ల? ఆ ల్యాబు సారునే పోయి నిండా చెప్పమని అడుగు" అన్నాడు. నిండా చెప్పు. ఆయప్ప నోట్లో ఎప్పుడూ నానే మాట ఇదే. బ్యాంకులో, మండలాఫీసులో, బస్టాండులో, యాడ పొట్టి అక్షరాలు చూసినా ఆయప్ప ఆడ నిలబడిపోయేవాడు. ఒక ఆఫీసులో ఉండే అర్థం ఇంకో ఆఫీసు గడప దాటితే ఉండదు, అడక్కపోతే మన కర్మ అనేవాడు.

అడగనోడు మా తమ్ముడు. బోరు లోనుకు పోతే బ్యాంకాయన "ఈసీ తీసుకురాప్పా" అన్నాడు. మన్ను కాగితంలో కూడా ఈసీ అని ఒక గీత ఉండాది, అది నేలలో ఉప్పు లెక్క. మా వాడు దాన్నే మడిచి తీసుకపోయి బల్ల మీద పెట్టినాడు. బ్యాంకాయనకు కావల్సింది భూమి మీద ఏ తాకట్టూ లేదని రిజిస్ట్రారు ఆఫీసోళ్ళిచ్చే కాగితం. లైనులో నిలబడినోళ్ళంతా పకపకా నవ్వినారంట. సిగ్గుతో తిరిగొచ్చేసినాడు. లైన్‌మన్ అన్న వాని మీద మండిపడినాడు. "ఏ ఈసీ సార్ అని అడిగింటే ఆయన నోరేమన్నా అరిగిపోతాదా? నీ నోరేమన్నా పడిపోతాదా?" అని. తమ్ముడు తల వంచుకోని నిలబడినాడు. అప్పుడు వానికి ఆయప్పంటే అంత గౌరవం.

ఇంకో సంగతి చెప్పకపోతే ఆయప్ప నన్ను క్షమించడు, చెప్తే కూడా క్షమించడు. నా కాలు సర్టిఫికెట్ మళ్ళీ రాయించుకోవల్లంటే అనంతపురం పోవల్ల. ఒకసారి ఆయప్పకు కూడా ఆడ ఆఫీసు పనుంటే తోడొచ్చినాడు. ఆసుపత్రి వరండాలో ఒక గది మీద ఎస్టీడీ అని బోర్డు. బూత్‌లో నా బదులు కూర్చోబెట్టొచ్చిన పక్కింటి పాపకు ఫోన్ చేద్దామని నేను నేరుగా ఆ గదిలోకి పోబోయినా. ఆయప్ప ఆపి, గడప కాడుండే ఆయమ్మను అడిగినాడు, "ఏమ్మా, ఈ ఎస్టీడీ అంటే నిండా ఏంది?" ఆయమ్మ మా ఇద్దర్నీ కింది నుంచి పైకి చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకోని, "సుఖరోగాలకు మందులిచ్చే గదన్నా" అనింది. ఆయప్ప గిరుక్కున తిరిగి గేటు దాకా పోయి నిలబడినాడు. ఊరొచ్చే దాకా బస్సులో నాకు దూరంగా డ్రైవరు పక్కనే నిలబడినాడు. దిగినాక నా బూత్ బోర్డు చూసి, "దీన్ని తెలుగులో నిండా రాయించు తల్లీ" అన్నాడు. నేను నవ్వి నవ్వి అరుగు మీద కూలబడినా. ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తాది. ఆ వెనకే ఏడుపొస్తాది.

ఆయప్ప జీవితమంతా మోసిన రెండక్షరాలు మాత్రం ఎల్సీ. కంబమెక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి పలానా లైను ఆపండి అని అడగల్ల. ఆడుండే ఆపరేటర్ స్విచ్చి తీసి, ఆపినాను, ఎక్కొచ్చు అని చెప్పల్ల. లైన్ క్లియర్ అంటారు దాన్ని. పని చేసేటోళ్ళకు ఎల్సీ. గుంతకల్లులో రైలోళ్ళను అడిగితే ఎల్సీ అంటే పట్టాల మీద గేటంటారు. వ్యాపారస్తులకు అది బ్యాంకు ఇచ్చే పూచీ. మా ఊరోళ్ళకు మాత్రం ఎల్సీ అంటే లైన్‌మన్ అన్న నా బూత్‌లో నిలబడి గొంతు చించుకోవడం.

అప్పటికి సెల్‌ఫోన్లు మా పక్క రాలేదు. వేరే లైన్‌మన్లు కూడా అప్పుడప్పుడు నా బూత్ నుంచే మాట్లాడేవాళ్ళు. "ఎల్సీ?" అంటారు. ఆ పక్క నుంచి "ఆ, ఎల్సీ" అంటారు. ఫోన్ పెట్టేసి పోతారు. మా లైన్‌మన్ అన్నకు అట్ల కుదరదు. చెప్పులు బయట విడిచి, టవలు భుజం మీద సర్దుకోని, దేవుని ముందర నిలబడినట్ల నిలబడేవాడు. "నేను పలానా లైన్‌మన్ని. పలానా ఊరికి లైనిచ్చే ఫీడరు. మాట్లాడేది ఎవరు సార్? స్విచ్చి మీరే పోయి తీసినారా, ఎవరో తీసినారని చెప్తాండారా? తాళం వేసినారా? మనుషులు పని చేస్తాండారని బోర్డు తగిలించినారా?" ఆ పక్కాయన విసుగు బూత్ బయటికి వినిపించేది. "ఎల్సీ ఇచ్చినామంటే ఏందప్పా నీ రచ్చ?" "అట్ల కాదు సార్. నిండా చెప్పండి." మళ్ళీ మొదటి నుంచి మొదలు.

ఎందుకన్నా ఇంత గోల అని నేనే ఒకసారి అడిగినా. "రెండక్షరాలయితే కుర్చీలో కూర్చోనే చెప్పొచ్చు తల్లీ. నిండా చెప్పల్లంటే లేసిపోయి చూసి రావల్ల" అన్నాడు.

ఆయప్ప ఇట్లయిపోవడానికి ఊర్లో ఎవరి కతలు వాళ్ళు చెప్పేవాళ్ళు. చిన్నప్పుడు జతగాడు ఎవరో కంబం మీదే కాలిపోయినాడని ఒకరు, తోడబుట్టినోడే పోయినాడని ఇంకొకరు. నేను అడిగేసినా, నాకు నోరాగదు గదా. ఆయప్ప ఆశ్చర్యపోయినాడు. "ఎవరూ పోలేదే! ఎవరో పోయినాకనే అడగల్లా? ముందే అడక్కూడదా?" అన్నాడు.

మా రైతులు చేసే తప్పొకటి మీకు చెప్పల్ల. మోటార్లకు కావల్సిన త్రీ ఫేజ్ కరెంటు దినమంతా ఉండదు, వంతులేసి కొన్ని గంటలు ఇస్తారు. వంతు అయిపోతే మోటార్లు ఆగిపోతాయి గానీ, ఇండ్లల్లో దీపాల కోసం ఒక తీగెలో కరెంటు పారతానే ఉంటాది. మోటారు ఆగింది గదా, లైను చచ్చిందనుకోని మావోళ్ళు ఎండు కట్టె ఒకటి పట్టుకోని ఎక్కేస్తారు. ఎక్కక ఏం చేస్తారు? ఇన్ని ఊర్లకు ఒక్క లైన్‌మన్, కండ్ల ముందర ఎండిపోయే పైరు. పక్క ఊర్లల్లో అట్ల పోయినోళ్ళు ఉండారు. ఆ పెండ్లాలు పిల్లలు మా బూత్‌కొచ్చి చుట్టాలకు ఫోన్లు చేసి ఏడుస్తాంటే నేను విన్నా. మా ఊర్లో మాత్రం, ఆయప్ప ఉన్నన్నాళ్ళు, కంబం మీద ఒక్క మనిషి పోలేదు.

అయినా ఆయప్పను మెచ్చుకున్నోళ్ళు లేరు. "ఆయనొస్తే పని సాయంత్రానికే" అనేవాళ్ళు. నత్త అని పేరు కూడా పెట్టినారు. ఆయప్పకు తెలుసు. పట్టించుకోలేదు.

ఇంక ఆ ఏడు సంగతి. రాయల్లంటే చెయ్యి రాదు, రాయకపోతే ఇది రాసి లాభం లేదు.

రెండువేల సంవత్సరం దాటినాక మాకు వరసగా కరువులొచ్చినాయి. మబ్బు పడతాది, గాలొస్తాది, మబ్బు పోతాది. తమ్ముడు వేయించిన బోర్లన్నీ దుమ్ము లేపినాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్క బోరు కింద ఉండేంత నేలలో శెనక్కాయ పెట్టినాడు. "ఈ పంట చేతికొస్తే ఊర్లో ఉందాం. రాకపోతే మూట కట్టుకోని బెంగళూరు పోదాం" అని పెండ్లానికి చెప్పినాడు. నాకూ చెప్పినాడు. వాడు పోతే నాకు ఆ ఇంట్లో గోడలే దిక్కు.

పైరు బాగా లేసింది. ఊడలు దిగి కాయ ఊరే టైము. ఆ టైములో ఒక్క తడి తప్పితే కాయ లొట్టపోతాది. ఆ పొద్దు మా వంతు కరెంటు పొద్దున్నే వచ్చింది. తమ్ముడు మోటారు ఏసి, కాలవ గట్టు ఎక్కినాడో లేదో, చేని పక్కన ట్రాన్స్‌ఫార్మర్ కంబం మీద పటపటమని నిప్పులు రాలినాయి. తీగె ముక్కొకటి తెగి వేలాడింది. మోటారు గమ్మున ఆగిపోయింది.

పక్కూరికి పని మీద పోయిండే లైన్‌మన్ అన్నను తమ్ముడు సైకిలు మీద పోయి పిలుచుకోనొచ్చినాడు. బూత్‌లో నేను నెంబరు నొక్కినా. ఆ పక్క కొత్త ఆపరేటర్ ఎవరో. "సరే, ఎల్సీ ఇస్తాండా" అని పెట్టేసినాడు. కాసేపటికి బూత్‌లో ఫ్యాను ఆగింది. మళ్ళీ చేస్తే, "ఇచ్చేసినాను. ఎల్సీ. ఎక్కు" అన్నాడు. "నిండా చెప్పండి సార్. ఏ ఫీడరు, ఎవరు..." అంటాండంగానే కట్ చేసినాడు. మళ్ళీ నొక్కినా. ఎంగేజ్. మళ్ళీ. ఎంగేజ్.

"అన్నా, ఇచ్చినానన్నాడు గదా! నేను చెవులారా విన్నా" అన్నాడు తమ్ముడు.

"ఏమిచ్చినాడు?"

"ఎల్సీ అన్నా! ఫ్యాను కూడా ఆగింది, చూడు!"

"ఆగింది ఆయన తీస్తే ఆగిందో, ఊరికే పోయిందో ఎవరికి తెలుసు? ఊరికే పోయింది ఊరికే వస్తాది."

"పైరు కాగిపోతాండాదన్నా. వంతు దాటితే రేపటి దాకా రాదు. రేపు వస్తాదని కూడా నమ్మకం లేదు." తమ్ముడు ఆయప్ప కాళ్ళ మీద పడినాడు. రోడ్డు మీద అందరూ చూస్తాండారు. ఆయప్ప వెనక్కి జరిగినాడు. "లెయ్. నా కాళ్ళు పట్టుకుంటే తీగెలో కరెంటు పోతాదా?" అన్నాడు. ఎంత కటువుగా అన్నాడంటే నాకే కొట్టాలనిపించింది.

"అయితే నేనే ఎక్కుతా" అని తమ్ముడు చేని దిక్కు పరిగెత్తినాడు. ఆయప్ప వాని వెనకాల. నేను నా మూడు చక్రాల బండి చేత్తో తిప్పుకుంటా వాళ్ళ వెనకాల. నేను పోయేసరికి ఆయప్ప కంబానికి వీపానించి నిలబడుకోని ఉండాడు. నన్ను చూసి, "తల్లీ, నువ్వు దిగి ఈడ కూర్చో. నేను సబ్‌స్టేషన్‌కు పోయి కండ్లారా చూసొస్తా. నిన్ను తొక్కి వాడు ఎక్కడు" అన్నాడు. బూత్ కాడ పెట్టిన తన మోపెడ్ తీసుకోని పోయినాడు.

నేను ఆ కంబం మొదట్లో కాళ్ళు చాపుకోని కూర్చున్నా. ఎండ నెత్తిన పడతాండాది. నేల కాలతాండాది. ముందర మా చేను. ఆకులు రెండుగా మడుచుకోని తలలు వాల్చేసినాయి. తమ్ముడు నా ఎదురుగా మోకాళ్ళు మడిచి కుక్కిళ్ళు కూర్చోని, "అక్కా, లెయ్" అన్నాడు. నేను లేయలేదు. "అక్కా, నీకు దండం పెడతా. అంతా ఒక్క నిమిషం పని." "అక్కా, నీకు బూత్ ఉండాది. నాకేముండాది?" లేద్దామనే అనుకున్నా. నాకు ఆ పంట వద్దా? వాడు బెంగళూరు పోతే నాకు దిక్కెవరు? కానీ ఒంటికాలుతో లేయల్లంటే ఎవరైనా చెయ్యివ్వల్ల, వాడు ఏడుస్తా ఉండాడు గానీ చెయ్యి ఇయ్యలేదు. ఇచ్చింటే ఏమయ్యేదో నాకు తెలీదు. ఇద్దరం అట్లే కూర్చున్నాము. కాసేపటికి వాడు అడగడం కూడా మానేసినాడు.

ఆయప్ప తిరిగొచ్చేసరికి పొద్దు నడినెత్తి దాటి వాలింది. మోపెడ్ దిగినాడు. తమ్ముని ముందర నిలబడినాడు. "తీసే ఉండాదప్పా. తాళమేసి, బోర్డు కూడా తగిలించి ఉండాది. ఆ పిల్లోడు సరిగ్గానే చేసినాడు. నేనే నమ్మలేదు" అన్నాడు.

ఆయప్ప కంబమెక్కి తీగె కట్టి దిగినాడు. దిగేసరికి మా వంతు అయిపోయింది. మరుసటి దినం వోల్టేజీ చాలక మోటారు మూలిగి మూలిగి ఊరుకునింది. ఆ పై దినం కరెంటే రాలేదు. వచ్చినప్పుడు నీళ్ళు పెట్టినాడు. చెట్లు పచ్చబడినాయి కూడా. పీకి చూస్తే అన్నీ లొట్ట కాయలే. చెవి కాడ పెట్టుకోని ఆడిస్తే లోపల ఏమీ లేదు.

ఆ ఒక్క తడి పడింటే పంట వచ్చేదా? నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. తమ్ముడు మాత్రం వచ్చేదనే అనుకున్నాడు. ఊర్లో ఎవరో మంచి చెప్పబోయి, "పోనీలేప్పా, మనిషి మిగిలినావు గదా" అంటే, "మిగిలి ఏం చేయల్ల?" అని అరిచినాడు. ఆ అరుపుకు వాని పెండ్లాం ఇంట్లో ఉండే పురుగుల మందు డబ్బా తీసుకపోయి దిబ్బలో పూడ్చిపెట్టింది. మేమిద్దరం ఆడోళ్ళం వంతులేసుకోని వాన్ని కనిపెట్టుకోని ఉండినాము. ఆ దినాలు పగవానికి కూడా వద్దు.

లైన్‌మన్ అన్న మా ఇంటికొచ్చినాడు. ఎవరూ రమ్మనలేదు. గుమ్మం కాడ నిలబడి, "నీ పంట నా వల్లనే పోయింది. అది నేను ఒప్పుకుంటా. మళ్ళీ అట్లొస్తే మళ్ళీ ఇట్లే చేస్తా. అది కూడా చెప్పిపోదామని వచ్చినా" అన్నాడు. తమ్ముడు చేతిలో ఉండే చెంబు ఇసిరేసినాడు. ఆయప్ప భుజానికి తగిలింది. వంగి చెంబు తీసి గడప మీద పెట్టి పోయినాడు.

ఇన్నేండ్లు నేను ఆలోచించేది ఇదే. లైను బతికే ఉండాదప్పా, నిన్ను కాపాడినా అని ఆ పొద్దు ఒక్క అబద్ధం చెప్పింటే, మా తమ్ముడు బతికినన్నాళ్ళు ఆయప్పకు దండం పెట్టేవాడు. ఎవరు పోయి చూసొస్తారు? నోటి దాకా వచ్చే అబద్ధం అది. చెప్పలేదు. ఎదుటోళ్ళను నిండా చెప్పమనే మనిషి తనూ నిండానే చెప్పినాడు.

తమ్ముడు పెండ్లాన్ని పిలుచుకోని బెంగళూరు పోయినాడు. నేను ఆ ఇంట్లో ఒంటిగా మిగిలినా. లైన్‌మన్ అన్న మీద నాకు కోపం లేదని చెప్తే అబద్ధమే. ఆయప్ప బూత్‌కొస్తే నెంబరు బటన్లు విరిగిపోయేట్ల నొక్కేదాన్ని. పని అయినాక ఆయప్ప అడిగేవాడు, "తమ్ముడు యాడ పని చేస్తాండాడు?" "పెద్ద బిల్డింగులో. పరంజా ఎక్కి సిమెంటు అందిస్తాండాడు." "ఎత్తు మీదనా? కింద ఎవరైనా పట్టుకుంటారా లేదా అడుగు తల్లీ." ప్రతిసారీ ఇదే. నేను ఫోన్లో తమ్మునికి చెప్తే, వాడు మాట మార్చి ఊర్లో వానల గురించి అడిగేవాడు.

కొన్నేండ్లకు రెండు వానలు బాగా పడినాయని విని తమ్ముడు తిరిగొచ్చినాడు. ఆ బోరే, ఆ నేలే. లైన్‌మన్ అన్నతో మాత్రం మాట్లాడలేదు. మోటారు ఫీజు కాలిపోతే, "అక్కా, ఆయనకు చెప్పు" అంటాడు. ఆయప్ప వచ్చి, పక్కనే నిలబడుకోని ఉండే వాన్ని వదిలేసి, "తల్లీ, మోటారు వేయమను" అంటాడు. ఇద్దరి మధ్య నేనొక తీగె. ఇట్లనే జరిగిపోయింది కాలం. సెల్‌ఫోన్లు వచ్చి నా బూత్ మూతబడింది, రీచార్జి కొట్టు పెట్టుకున్నా. ఆయప్ప సెల్ కొన్నాక కూడా అలవాటు కొద్దీ నా అంగడి అరుగు మీద నిలబడే మాట్లాడేవాడు, అదే గొంతు, అవే ప్రశ్నలు.

ఫోనొచ్చిన దినమే అనంతపురం నుంచి ఆయప్పను తెచ్చినారు. పూలు కట్టి, ట్రాక్టరు ట్రాలీలో ఎత్తైన పల్లకి కట్టి కూర్చోబెట్టినారు. శ్మశానానికి పోయే బండి దోవ మా చేని పక్కగానే పోతాది. ఆడ రెండు కంబాల నడుమ పెద్ద కరెంటు పోయే హెచ్‌టీ లైను బాగా జారి కిందికి వేలాడతాండాది. పల్లకి దాని కింద పోదు. పోయినా గుండె చేత పట్టుకోని పోవల్ల. మధ్యలో ఒక కంబం నాటమని ఆయప్ప ఎన్నిసార్లు రాసినా రాలేదు. ఇట్లాంటప్పుడు లైను ఆపించేది ఆయప్పే. ఇప్పుడు ఆయప్పే పల్లకిలో ఉండాడు. కొత్త లైన్‌మన్ ఇంకా రాలేదు.

సబ్‌స్టేషన్ నెంబరు నాకు నోటికొచ్చు. నా సెల్ నుంచే చేసినా. సంగతి చెప్పినా. "అయ్యో, ఆ అన్ననా? ఇప్పుడే తీస్తానక్కా" అన్నాడు ఆడుండే ఆపరేటర్ పిల్లోడు. కాసేపటికి చేలల్లో మోటార్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయినాయి. అంతదాకా ఆ చప్పుడు ఉండాదని కూడా మాకు తెలీదు. ఫోను మోగింది. "ఎల్సీ ఇచ్చేసినామక్కా. పోనీండి."

ట్రాక్టరు డ్రైవరు గేరు వేసినాడు. తమ్ముడు ముందుకొచ్చి బండికడ్డం నిలబడినాడు. "ఆగప్పా" అన్నాడు. నా దిక్కు తిరిగినాడు. "నిండా చెప్పమను."

"మోటార్లు ఆగినాయి గదప్పా, ఇంకేం గావల్ల?" అన్నారు వెనకాల ఎవరో.

"ఊరికే పోయింది ఊరికే వస్తాది" అన్నాడు తమ్ముడు. "అక్కా, అడుగు. ఎవరు తీసినారో, ఏ ఫీడరో, తాళమేసినారో లేదో. అన్నీ అడుగు."

అడిగినా. ఆ పిల్లోడు విసుక్కోలేదు. "పోయి చూసొస్తా, ఉండక్కా" అన్నాడు. ఎండలో పల్లకి నిలబెట్టుకోని ఊరంతా కాసుకోని ఉండినాము. ఆయప్ప పెండ్లాం ట్రాలీ పట్టుకోని నిలబడింది. ఎవరూ తొందర చేయలేదు. ఆ పిల్లోడు తిరిగొచ్చి, తన పేరు, ఫీడరు పేరు, స్విచ్చి, తాళం, బోర్డు, ఒక్కొక్కటే చెప్పినాడు. నేను ఒక్కొక్కటే పైకి చెప్పినా. తమ్ముడు పక్కకు జరిగి, పల్లకికి చెయ్యేసి, "పోదాం పదన్నా" అన్నాడు. ఎన్నేండ్లకో ఆ పిలుపు.

పల్లకి తీగె కింద దాటిపోయింది. "అక్కా, దాటినారా? ఇంక వేసేద్దామా?" అని ఫోన్లో అడిగినాడు. తమ్ముడు వద్దని చెయ్యూపినాడు. "మట్టి పడేదాకా ఉండనీ."

"వంతు కరెంటక్కా. రైతులు తిడతారు" అన్నాడు ఆ పిల్లోడు.

"తిట్టే రైతులంతా ఈడే నిలబడుకోని ఉండారప్పా" అన్నా.

మా చేనులో కాలవ వెంట పారతాండే నీళ్ళు సగం సాలు దాకా పోయి నిలిచిపోయినాయి. నిలిచిన కాడ నెమ్మదిగా ఇంకిపోతాండాయి. అవతల సగం ఎండు నేల. తమ్ముడు దాని పక్కనే నడుచుకుంటా పోయినాడు, ఆ దిక్కు తిరిగి చూడలేదు.